తువ్వాలుకు 30 పౌండ్లు, హర్లింగుకు 5 పౌండ్లు

ఇంగ్లండులో ఆరు వారాలు గడిపి వచ్చిన నాకు అక్కడి ఖర్చుల ప్రస్తావన రాగానే రెండు అంకెలు గుర్తుకు వస్తాయి. పసుపు మరక పడిన ఒక తెల్ల తువ్వాలుకు ఒక వసతి గృహం వారు మా దగ్గర వసూలు చేసినది 30 పౌండ్లు. లండను పడమటి అంచున రైస్లిప్ అనే చోట, ఐరిష్ వారి మైదానంలో ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని వరుసగా రెండు ఆటలు (కర్రతో ఆడే హర్లింగ్, ఆ తర్వాత గేలిక్ ఫుట్‌బాల్) చూసినందుకు, మేము 65 దాటిన వాళ్ళమని తెలుసుకుని గేటు దగ్గర తీసుకున్నది తలకు 5 పౌండ్లు. మేము వెళ్ళిన రోజులలో మాకు పౌండు 115 రూపాయలు పడింది. ఆ లెక్కన తువ్వాలు 3,450 రూపాయలు. చీరాల బజారులో ఆ డబ్బుకు ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడా తువ్వాళ్ళు వస్తాయి.

మా అమ్మాయి, అల్లుడు హారోలో ఉంటారు. మా దంపతులతో పాటు మా బావమరిది కూడా బాపట్ల నుంచి బయలుదేరాడు. యౌవనంలో కబడ్డీ ఆడి రెండు సార్లు మోకాలు విరగ్గొట్టుకున్న మనిషి. జీతాలు పుచ్చుకుని ఆడే ఆటలంటే అతనికి ముందు నుంచీ చిన్నచూపు. మేము వెళ్ళిన మొదటి వారంలోనే అల్లుడి కార్యాలయంలో పనిచేసే ఒక ఐరిష్ యువకుడు భోజనానికి వచ్చి, తాను వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని ఆదివారం నాడు పైసా పుచ్చుకోకుండా హర్లింగ్ ఆడతానని, తనకే కాదు, డబ్లినులోని క్రోక్ పార్కు స్టేడియంలో 80 వేల మంది ఎదుట ఫైనల్ ఆడే వారికి కూడా జీతం ఉండదని చెప్పాడు. ఆ మాట విన్న మరుక్షణం నుంచి మా బావమరిదికి మరో ధ్యాస లేదు. "లండను బ్రిడ్జి ఎక్కడికీ పోదు బావగారూ, ముందు ఆ ఆట చూద్దాం" అని పట్టుపట్టాడు.

తొందరపాటు అక్కడే జరిగింది. ఉత్తరాన ఒక నగరంలో శనివారం నాడు మంచి పోటీ ఉందని ఇంటర్నెట్టులో చూసి, ఎవరినీ అడగకుండా ముగ్గురికీ రైలు టికెట్లు రాను పోను తలకు 46 పౌండ్ల చొప్పున తీసేశాము. ఆ ఊరి పేరు గానీ, దిగిన వసతి పేరు గానీ ఇక్కడ చెప్పను. స్టేషను నుంచి అయిదు నిమిషాల దూరమని ప్రకటనలో రాసుకున్న ఆ వసతికి, చక్రాల పెట్టెలు లాగుకుంటూ, చినుకులలో మేము చేరడానికి 35 నిమిషాలు పట్టింది. అయిదు నిమిషాలన్నది కారు లెక్క అని తర్వాత తెలిసింది. ఒక్కొక్కటి 64 పౌండ్లు పెట్టి తీసుకున్న గదులు రెండూ మూడవ అంతస్తులో ఉన్నాయి, లిఫ్టు లేదు. పలకరించే మనిషి కూడా లేడు. గుమ్మం పక్కనున్న చిన్న పెట్టెలో అంకెలు నొక్కి తాళం చెవులు మేమే తీసుకోవాలి. రాత్రి పదింటికి గదులను వెచ్చబరిచే గొట్టాలు చల్లబడిపోయాయి. ఫోను చేస్తే, అది ఇంటి నియమమని, గదిలో అంటించిన కాగితంలో ఉందని జవాబు వచ్చింది. నిజంగానే ఉంది, తలుపు వెనుక, చీమ తలకాయంత అక్షరాలలో.

ఆ మెట్లు ఎక్కిన ఫలితంగా మా శ్రీమతి మోకాలు వాచింది. ఆమె ఎక్కడికి వెళ్ళినా వెంట ఉంచుకునే పసుపు, కొబ్బరినూనె కలిపి పట్టు వేసుకుని, పైన తువ్వాలు చుట్టుకుని పడుకుంది. ఉదయం గది చూడడానికి వచ్చిన వ్యక్తి ఆ తువ్వాలును రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, ఇది ఇక పనికిరాదు, 30 పౌండ్లు అన్నాడు. ఉతికి ఇస్తామన్నాము, కాదన్నాడు. అద్దెలోనే కలిసి ఉందన్న ఉపాహారం ఏమిటో చూస్తే, రొట్టె ముక్కలు రెండేసి, అగ్గిపెట్టెంత వెన్న. నేను వాదనకు దిగబోతుండగా మా శ్రీమతి, తెలుగులోనే, "డబ్బు ఇచ్చేయండి, కానీ తువ్వాలు మనది" అని చెప్పి, దానిని మడత పెట్టి తన సంచిలో పెట్టుకుంది. ఆ వ్యక్తికి ఏమనాలో తోచలేదు. ఆ ప్రయాణం మొత్తంలో మేము గెలిచినది అదొక్కటే.

ఎందుకంటే, 17 పౌండ్లిచ్చి టాక్సీలో మైదానం చేరేసరికి గేటుకు తాళం వేసి ఉంది. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన, వానకు నేల నానిపోయిందని, ఆటను మరో ఊరికి మార్చి మూడు రోజులైందని, మేము చూసిన పేజీని ఎవరూ సరిదిద్దరని తాపీగా చెప్పాడు. తిరుగు టాక్సీ మరో 17. రైలు 138, గదులు 128, టాక్సీలు 34, తువ్వాలు 30, మొత్తం 330 పౌండ్లు, అంటే దాదాపు 38 వేల రూపాయలు. ఒక్క బంతి ఎగరడం కూడా చూడలేదు. తిరుగు రైలులో బావమరిది కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మా శ్రీమతి నాతో మాట్లాడలేదు. నేను దిన పత్రికను మూడు సార్లు చదివాను.

బావమరిది మనసు కుదుట పరచడానికి ఒక పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు వారి స్టేడియం చూపించారు అల్లుడుగారు. ఖాళీ కుర్చీలు, ఆటగాళ్ళు స్నానం చేసే గది, చివరకు బనియన్ల దుకాణం: తలకు 30 పౌండ్లు.

ఈసారి బుద్ధి వచ్చి, ఆ ఐరిష్ యువకుని చేత శనివారం రాత్రి ఒకసారి, ఆదివారం ఉదయం ఒకసారి క్లబ్బు వారికి ఫోను చేయించి, ఆట తప్పకుండా ఉందని రూఢి చేసుకున్నాకే రైస్లిప్‌కు బయలుదేరాము. హారో నుంచి బస్సులో వెళ్ళాము. మేము వెళ్ళినప్పుడు టికెట్టు 1.75 పౌండ్లు, మొదటి బస్సు ఎక్కిన గంటలోపు ఎక్కే బస్సులకు మళ్ళీ డబ్బు పట్టదు కనుక, మారి వెళ్ళినా అంతే. ఊరి పేరును అక్షరాలను బట్టి 'రూయిస్లిప్' అని పలికిన బావమరిదిని బస్సు డ్రైవరు నవ్వుతూ సరిదిద్దాడు. నార్తోల్ట్ సైనిక విమానాశ్రయానికి దగ్గరలో, వెస్ట్ ఎండ్ రోడ్డు మీద ఉంటుంది మెక్‌గవర్న్ పార్కు. లండనులోని గేలిక్ ఆటలకు, అంటే ఐరిష్ వారి సంప్రదాయ ఆటలకు, అదే కేంద్రం.

గేటు దగ్గర మడత కుర్చీలో కూర్చున్న ఒకావిడ మా ముగ్గురినీ ఎగాదిగా చూసి, దారి తప్పి వచ్చామనుకుని, ఎవరి ఇల్లు వెతుకుతున్నారని అడిగింది. హర్లింగ్ చూడడానికే వచ్చామని చెప్పగానే ఆమె కుర్చీలో నుంచి లేచి నిలబడింది. మాకు అయిదేసి, బావమరిదికి పది, వెరసి 20 పౌండ్లు తీసుకుని, తన మనిషి నొకరిని పిలిచి, వీళ్ళను గోలు వెనుక కూర్చోనివ్వవద్దు, బంతి తగులుతుంది అని అప్పగించింది. ఆయన మమ్మల్ని గట్టు మీద కూర్చున్న ఒక వృద్ధుని పక్కన కూర్చోబెట్టాడు.

ఆ వృద్ధుడు 1967లో పందొమ్మిదేళ్ళ వయసులో ఐర్లండులోని మాయో కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి వచ్చి, నలభై ఏళ్ళు లండను రోడ్లు తవ్వి కేబుళ్ళు వేసిన మనిషి. వచ్చిన తొలి ఆదివారం ఎవరో తనను ఆటకు తీసుకుపోయారని, సోమవారానికి పని, బుధవారానికి కిల్బర్నులో గది ఆ మైదానం గట్టు మీదనే దొరికాయని చెప్పాడు. అప్పట్లో ఏటా ఒకసారి వెంబ్లీ స్టేడియంలో కూడా ఐర్లండు జట్లు వచ్చి ఆడేవట; 1958లో మొదలైన ఆ పోటీలకు తాను కూడా నాలుగైదు సార్లు వెళ్ళానన్నాడు. ఐర్లండులో పనులు పోయినప్పుడల్లా ఇక్కడి జట్లు నిండుతాయి, అక్కడ పనులు దొరికినప్పుడు ఇక్కడ పదిహేను మందిని పోగు చేయడం కష్టమవుతుంది అని అతను అన్న మాటలో సంతోషమో బాధో నాకు తెలియలేదు.

ఇక ఆట. జట్టుకు పదిహేను మంది. చేతిలో యాష్ అనే చెట్టు చెక్కతో చేసిన, చివర వెడల్పుగా ఉండే కర్ర, దానిని హర్లీ అంటారు. బంతి క్రికెట్ బంతి కంటే కొంచెం తేలిక, తోలు కుట్లు పైకి పొడుచుకుని ఉంటాయి. ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉన్న గోలు స్తంభాల మధ్య, అడ్డుకర్ర పై నుంచి బంతి పోతే ఒక పాయింటు, కింద నుంచి వలలో పడితే గోలు, అంటే మూడు పాయింట్లు. తెల్ల కోట్లు వేసుకున్న మనుషులు పాయింటుకు తెల్ల జెండా, గోలుకు పచ్చ జెండా ఊపుతారు. ఆట ముగిసేసరికి బోర్డు మీద 2-11, 0-15 అని ఉండగా, పదిహేను వాళ్ళు గెలిచారని మా బావమరిది చప్పట్లు కొట్టాడు. వృద్ధుడు ఓపికగా వేళ్ళు మడిచి, రెండు గోలులకు ఆరు, పదకొండు కలిపితే పదిహేడు అని చూపించాడు. అరగంట చొప్పున రెండు భాగాలు. ఆ గంటలో కర్రలు గాలిలో ఎన్నిసార్లు ఢీకొన్నాయో లెక్క లేదు. శిరస్త్రాణం తప్పనిసరి, కానీ చాలామంది చేతులకు ఏమీ వేసుకోరు. వేళ్ళ మధ్య రక్తం కారుతున్న ఒక కుర్రవాడు దానిని చొక్కాకు తుడుచుకుని మళ్ళీ పరుగెత్తడం చూసి, మా శ్రీమతి "వీళ్ళకు తల్లులు లేరా?" అంది. ఉంది; రెండు వరుసల అవతల నిలబడి, అతని మీదనే కేకలు వేస్తోంది.

విరామంలో పొట్టి కర్రలతో పిల్లలు మైదానంలోకి దిగారు. వాళ్ళ మాట తీరు అచ్చంగా లండను మాట తీరు.

ఇక భోజనం. మా శ్రీమతి శాకాహారి. ఫలహారశాలలో ఉన్నవన్నీ పంది మాంసపు శాండ్‌విచ్‌లే. అది గ్రహించి అక్కడి స్త్రీ, ఇంట్లో చేసుకొచ్చిన సోడా రొట్టెకు దట్టంగా వెన్న రాసి, మధ్యలో ఐరిష్ వారి టేటో ఆలూ చిప్సు పొట్లం చింపి పరిచి, మరో ముక్కతో మూసి అరచేత్తో కరకరమనేలా నొక్కి ఇచ్చింది. ఇది వారికి చిన్ననాటి తిండి అట. మా శ్రీమతి సంచిలో నుంచి కారప్పొడి తీసి దాని మీద చల్లుకుని, నెయ్యి వేసిన అన్నం తిన్నంత తృప్తిగా తింది. కారప్పొడి రుచి చూసిన ఆ ఫలహారశాల స్త్రీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే రెండోసారి చేయి చాపింది. తేనీరు 1.50 పౌండ్లు, శాండ్‌విచ్‌కు ఎంత అడిగినా డబ్బు తీసుకోలేదు.

రెండవది గేలిక్ ఫుట్‌బాల్. బంతిని చేత్తోనూ పట్టుకోవచ్చు, కాలితోనూ తన్నవచ్చు, కానీ పట్టుకుని నాలుగు అడుగులు వేశాక నేలకు కొట్టాలి, లేదా కాలి మునివేళ్ళతో చేతిలోకి తన్నుకోవాలి. 2025 నుంచి గోలుకు దూరంగా గీసిన వంపు గీత బయటి నుంచి అడ్డుకర్ర పైగా తన్నితే రెండు పాయింట్లు. ఆ మార్పు వృద్ధునికి నచ్చలేదు. లండను జట్టు ఐర్లండులోని కనాక్ట్ ప్రాంతపు పోటీలలో ఆడుతుందని, 1977 తర్వాత అక్కడ గెలుపు ఎరగక 36 ఏళ్ళకు, 2013లో ఇదే మైదానంలో స్లైగో జట్టును ఓడించి, ఆ ఏడాది ప్రాంతపు ఫైనలుకు కూడా చేరిందని, అక్కడ తన సొంత మాయో చేతిలోనే ఓడిపోయిందని చెప్పాడు. ఆ రోజు ఏ జట్టు వైపు ఉన్నారని బావమరిది అడిగితే జవాబు చెప్పలేదు. హర్లింగులో 1901 సంవత్సరపు అఖిల ఐర్లండు కప్పును కార్క్ మీద గెలిచిన ఘనత కూడా లండనుదే. ఇంకొక విషయం అతను చెప్పకపోతే నాకు తెలిసేది కాదు: ఈ రెండు ఆటలకూ ఐర్లండులో ఇచ్చే పెద్ద కప్పులకు లండను మనుషుల పేర్లే పెట్టారు. ఫుట్‌బాల్ కప్పు కార్క్ నుంచి వచ్చి లండను తపాలా శాఖలో పనిచేసిన సామ్ మగ్వైర్ పేరు మీద, హర్లింగ్ కప్పు లండనులోనే పుట్టిన లియమ్ మెకార్తీ పేరు మీద ఉన్నాయి. పరదేశంలో బతికిన వారి పేరు సొంత దేశపు కప్పు మీద ఉండడం నాకు కొత్తగా తోచింది. హారోలో ఉగాదికి గంటల లెక్కన పాఠశాల హాలు అద్దెకు తీసుకుని, ఎనిమిదింటికి తాళం చెవి అప్పగించి వచ్చే మన వాళ్ళకు, కబడ్డీ కోసం ఒక మట్టి మైదానం అయినా సంపాదించుకోవాలని ఎందుకు తోచలేదో అని బావమరిది బస్సులో చాలాసేపు సణిగాడు.

మరుసటి వారం అల్లుడి కారులో బర్మింగ్‌హామ్ విమానాశ్రయానికి చేరువలోని పార్క్ నా హేరన్ మైదానానికి కూడా వెళ్ళి వచ్చాము. అంతా సవ్యంగా జరిగింది. అయితే ఇక్కడొక చిక్కు తెలుసుకోవాలి. గేలిక్ ఆటల వారు బ్రిటనును ఏడు కౌంటీలుగా చేసుకున్నారు: లండను, హర్ట్‌ఫర్డ్‌షైర్, గ్లాస్టర్‌షైర్, వారిక్‌షైర్, లాంకషైర్, యార్క్‌షైర్, స్కాట్లండు. మామూలు పటంలోని హద్దులు వీటికి పనికిరావు. స్కాట్లండు దేశమంతా వారికి ఒక్క కౌంటీయే, బర్మింగ్‌హామ్ వారిక్‌షైర్ కిందికి వస్తుంది. పటం చూసి గదులు తీసుకోవద్దు. ఆట ఏ మైదానంలోనో అడిగి, ఉదయం మళ్ళీ అడిగి, అప్పుడు టికెట్టు కొనండి. చిల్లర నోట్లు ఉంచుకోండి, కింద వేసుకోవడానికి ఒక దుప్పటి తీసుకెళ్ళండి. పసుపు వాడేవారు సొంత తువ్వాలు తీసుకెళ్ళండి. స్టేడియం చూపిస్తామనే వారికి దూరంగా ఉండండి.

బయలుదేరే ముందు బావమరిది రైస్లిప్‌కు ఒంటరిగా మళ్ళీ వెళ్ళి 32 పౌండ్లకు ఒక హర్లీ కొనుక్కుని వచ్చాడు. విమానం లోపలికి కర్రను తీసుకురానివ్వరని అల్లుడు ముందే చెప్పడంతో, అది పెద్ద పెట్టెలో పోవలసి వచ్చింది. అంచులు విరగకుండా దేనిలో చుట్టాలా అని అందరమూ వెతుకుతుంటే, మా శ్రీమతి లోపలికి వెళ్ళి ఆ పసుపు మరక తువ్వాలు తెచ్చి ఇచ్చింది.