నాటక సమాజమా, సినిమా వేషమా?

అనంతపురం నటుడికి ఈ సందిగ్ధం తప్పదు.

ఖర్చు: నాటకానికి మేకప్, అద్దె దుస్తులు, హార్మోనిస్టు పారితోషికం తరచుగా సొంత జేబులోంచే పోతాయి; సినిమాకైతే హైదరాబాదులో గది అద్దె, ఫొటోలు, పైగా వదులుకున్న జీతం.

శ్రమ: వేదికపై పద్యం చివరి వరుసకు వినబడాలి, తడబడితే రెండో టేకు లేదు, కెమెరా ముందు అదే గొంతు అతిగా తోస్తుంది కనుక, చెయ్యి ఊపడం మాని కనురెప్పతో చెప్పడం కొత్తగా నేర్చుకోవాలి. నా దృష్టిలో ఇదే కష్టం.

రెండూ కుదరవా? తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ న్యాయవాదిగా ఉంటూనే రంగస్థలాన్ని ఏలి, యాభై దాటాక 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణం’తో తెరకెక్కారు.

సంసారం, ఉద్యోగం ఉన్నవారికి సమాజమే మేలు. ఏడాదిపాటు సంపాదన లేకున్నా ఇల్లు గడిచే యువకులకు హైదరాబాదు తగును.