ముత్యపు చిప్ప ఎర, ఉక్కు స్పూన్ ఎర: ఏది మేలు?

చెన్నై కాసిమేడులో పడవ ఎక్కి వంజరం కోసం గాలం వేసే మన తెలుగువారు ఎక్కువగా ఉక్కు స్పూన్ ఎరనే (చెంచా గిన్నె ఆకారంలో ఉండే లోహపు ఎర) వాడుతున్నా, ముత్యపు చిప్పతో చేసిన ఎరను కూడా శ్రద్ధగా పరిశీలించాలని నా అభిప్రాయం.

చిప్ప లోపలి మెరుపు పూత కాదు. సుమారు అర మైక్రాన్ మందమున్న అరగోనైట్ అనే సున్నపు ఖనిజం పలకలు పొరలు పొరలుగా పేరుకుని ఉండటం వల్ల, ఎర కాస్త ఒరిగినా గులాబీ, ఆకుపచ్చ, వెండి రంగులు చిన్న చేప పొలుసుల మీద ఆడినట్లే మారుతూ ఉంటాయి. పసిఫిక్ మహాసముద్రంలోని పాలినీషియా దీవుల జాలరులు ఈ మెరుపునే నమ్ముకుని, చిప్ప కాడకు ఎముక కొక్కెం కట్టి, వేరే మేత గుచ్చకుండానే సూర చేపలను పట్టేవారు. ఉక్కు అద్దంలా తళుక్కుమంటుంది గానీ ఆ రంగుల ఆట దానికి లేదు.

బరువులో మాత్రం ఉక్కుదే పైచేయి. అదే పరిమాణంలో చిప్పకు దాదాపు మూడింతలు తూగుతుంది కనుక దూరం పడుతుంది, త్వరగా మునుగుతుంది. రాయికి తగిలితే చిప్ప పగులుతుంది, ఉక్కు వంగుతుంది.

ఒడ్డు నుంచి విసిరేవారు ఉక్కునే ఎంచుకోవాలి. పడవ వెనుక నెమ్మదిగా లాగేవారికి నేను చిప్పనే సూచిస్తాను. వంజరం పళ్లు దారాన్ని కోసేస్తాయి కాబట్టి రెండింటికీ ఎరకూ దారానికీ మధ్య లోహపు తీగ ముక్క తప్పనిసరి. చిప్ప ఎరను మీరే చేసుకుంటే, చిప్పను తడిపి అరగదీయండి, ఆ పొడి ఊపిరితిత్తులకు హానికరం.