దివిసీమలో ముప్పు అంచనా: ఏ పద్ధతి మేలు?

గ్రామానికి విపత్తు ప్రణాళిక రాసేటప్పుడు ముప్పును దేని ఆధారంగా లెక్కగట్టాలన్న ప్రశ్న కృష్ణా నది సముద్రంలో కలిసే దివిసీమలోని నాగాయలంక, కోడూరు ప్రాంతాల పాఠకుల నుంచి పదే పదే వస్తోంది. జిల్లాలో ఏ ప్రాంతం ఏ విపత్తుకు లోనయ్యే వీలుందో ప్రణాళికలో చెప్పాలని 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం అంటుంది గాని, ఊరి స్థాయిలో ఆ పని ఎలా చేయాలన్నది మనమే తేల్చుకోవాలి. పాత తుఫానుల రికార్డు, ఉప్పెన పటాలు, ఇంటింటి సర్వే అనే మూడు మార్గాలు ఉన్నాయి.

రికార్డుకున్న బలం తక్కువది కాదు. 1977 నవంబరు 19న సుమారు 5 మీటర్ల ఎత్తున విరుచుకుపడిన ఉప్పెన వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. సొర్లగొంది వైపు ఆ మాట ఎత్తితే ముప్పు లేదని వాదించేవారు ఉండరు. అయితే ఒక ఊరి చరిత్రలో అంతటి ఘటనలు మరీ అరుదు. మన తీరంలో తుఫాను సాగే దిశగా చూస్తే దాని కేంద్రానికి కుడివైపున గాలి సముద్రపు నీటిని నేల మీదికి నెడుతుంది, ఎడమవైపున వెనక్కి తోస్తుంది. తుఫాను తీరం దాటే చోటు కొన్ని పదుల కిలోమీటర్లు అటూ ఇటూ అయితే అదే ఊరు మునగనూ వచ్చు, బయటపడనూ వచ్చు. బయటపడ్డ ఏళ్లను చూసి ధీమాగా ఉండటం ప్రమాదకరం. పైగా 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరులోనూ ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగడంతో, నేటి యువతరానికి నీరంటే నది ఎగువ నుంచి, గంటల ముందు హెచ్చరికతో వచ్చేదే. ఉప్పెన సముద్రం వైపు నుంచి వస్తుంది. అది ఊరి మీద పడ్డాక మిగిలేది నిమిషాలే.

పటాలు ఈ లోటును పూడుస్తాయి, ఇంతవరకూ రాని ఉప్పెన వస్తే నీరు ఎంత దూరం చేరుతుందో చూపుతాయి. కానీ ఉపగ్రహాల ఎత్తు లెక్కల్లో మీటరుకు పైగా తేడా రావడం మామూలు. కొబ్బరితోటల తలలనూ, మడ చెట్ల పైభాగాలనూ నేలగా లెక్కగట్టిన సందర్భాలూ ఉన్నాయి. సముద్రమట్టానికి కొద్ది మీటర్లే ఎత్తున్న దివిసీమలో ఇల్లు మునిగేదీ నిలిచేదీ ఆ ఒక్క మీటరు దగ్గరే తేలుతుంది.

నా మొగ్గు ఇంటింటి సర్వే వైపే. నీరు ఎంత ఎత్తున వస్తుందన్న దానికంటే దారి ఎప్పుడు తెగుతుందన్న దాని మీదే ప్రాణాలు ఎక్కువగా ఆధారపడతాయి. ఊరికీ తుఫాను షెల్టరుకూ నడుమ రోడ్డు ఎక్కడ అన్నిటికన్నా పల్లంగా ఉందో, ఏ కల్వర్టు మీద మొదట నీరెక్కుతుందో, అది మోకాలి లోతుకు చేరాక ముసలివాళ్లు దాటగలరో లేదో పటం చెప్పదు. రోజూ ఆ దారిన పాలకేంద్రానికి వెళ్లే ఆడవాళ్లు, ట్రాక్టరు నడిపే కుర్రవాళ్లు చెబుతారు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మురుగు కాలువలు లాగవు గనుక వానకే ఆ పల్లం నిండుతుంది, అంటే ఉప్పెన రాకముందే దారి పోతుంది. మంచం పట్టినవారు ఏ ఇంట్లో ఉన్నారు, గేదెలను వదిలి కదలనివారు ఎవరు, షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఆ మనిషి ఊళ్లో లేని రోజున రెండో తాళం ఎవరు తెస్తారు అన్నవన్నీ రాసుకుంటేనే, ఎన్ని గంటల ముందు ఊరు ఖాళీ చేయించాలో తేలుతుంది. ముప్పు అంచనాలో ఆ గంటల లెక్కే కీలకమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

జనం తాము చూసిన నీటినే చెబుతారన్నది సర్వేకున్న లోపం. అందుకని నీటి మట్టాన్ని మాత్రం పటం నుంచో, 1977 రికార్డు నుంచో, ఏది ఎక్కువైతే దాన్నే తీసుకుని, ఆ గీత ఏ గడపల దగ్గరికి వస్తుందో ఊళ్లో గుర్తు పెట్టాలి.

దేశంలో ఏ ప్రాంతానికి ఏ ముప్పు ఉందో చూపే జాతీయ స్థాయి అట్లాసులు నిధుల కేటాయింపుకు పనికొస్తాయి, ఊరికి కాదు.

సర్వేను అక్టోబరు, నవంబరు తుఫానులకు చాలా ముందే, ఆగస్టులోగా ముగించాలి. ఆ తర్వాత రోడ్డు ఎత్తు పెంచినా, కొత్త రొయ్యల చెరువుకు గట్టు వేసినా ఆ వైపు కొలతలు మళ్లీ తీయాలి, ఎందుకంటే నీరు పోయే దారి అప్పటికే మారి ఉంటుంది.