బలిపీఠమా, ఆశ్రయపురమా, వెండా? పొరపాటున ప్రాణం తీసినవాడికి ఏది మేలు?

ఇద్దరు కట్టెల కోసం అడవికి వెళ్లారు. ఒకడు చెట్టు నరుకుతుంటే గొడ్డలి పిడి నుంచి ఊడి పక్కవాడికి తగిలింది. అతను చనిపోయాడు. బైబిలు పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయంలోని ఉదాహరణ ఇది. ఇద్దరి మధ్య పాత పగ ఏమీ లేదు. అయినా చనిపోయినవాడి దగ్గరి బంధువు ప్రతిహత్య చేయడానికి బయలుదేరతాడు. ఆ కోపంలో ఉన్నవాడు సంజాయిషీ వినడు. గొడ్డలి పట్టినవాడు ముందు పరుగెత్తాలి. మరి ఎక్కడికి?

మన రోడ్ల మీద యాక్సిడెంట్ అయితే జనం కొడతారని భయపడి డ్రైవర్ నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లి లొంగిపోవడం చూస్తుంటాం. ఆ టెన్షన్ ఎలాంటిదో తెలిసినవాళ్లకి ఈ ప్రశ్న పాతగా అనిపించదు.

ఇశ్రాయేలీయుల్లో ఒక దారి బలిపీఠం. దాని మూలల్లో పైకి పొడుచుకొచ్చిన కొమ్ములు పట్టుకుంటే అక్కడ చంపడానికి వెనకాడేవారు. కానీ కొమ్ములు పట్టుకుని ఎంతసేపు ఉండగలడు? అక్కడ కాపురం ఉండలేడు కదా. రాజుల మొదటి గ్రంథంలో ఇద్దరు ఇలా కొమ్ములు పట్టుకున్నారు. సింహాసనం కోసం ప్రయత్నించిన తన అన్న అదోనీయాను సొలొమోను రాజు అప్పటికి ఇంటికి పంపేశాడు. అదోనీయా పక్షం వహించిన సేనాపతి యోవాబు మాత్రం "ఇక్కడే చస్తాను" అన్నాడు, సొలొమోను ఆజ్ఞతో అతని మనిషి బెనాయా యోవాబును చంపాడు. వీళ్లవి పొరపాటు కేసులు కావు, సింహాసనం గొడవలు. అయినా ఒకటి తెలుస్తోంది: పీఠం దగ్గర చివరి మాట రాజుది. సామాన్యుడికి అదేం భరోసా?

రెండో దారి ఆశ్రయపురం, అంటే పొరపాటున ప్రాణం తీసినవాడు పారిపోయి తలదాచుకునే ఊరు. ఇవి 6 ఊళ్లు, దేవుని సేవకు కేటాయించిన లేవీ గోత్రంవారి 48 పట్టణాల్లోవే. యొర్దాను నదికి పడమట కెదెషు, షెకెము, హెబ్రోను. తూర్పున బేసెరు, రామోతు, గోలాను. ఉత్తరం, మధ్య, దక్షిణం అని రెండు ఒడ్డుల్లోనూ పంచి పెట్టారు. దూరం ఎక్కువైతే వెంటపడేవాడు దారిలోనే పట్టుకుంటాడని ధర్మశాస్త్రమే చెబుతుంది, అందుకే దారులు సిద్ధం చేయమంది. పరదేశికీ అక్కడ చోటు ఉంది.

నాకు బాగా నచ్చేది ఊరి గవిని (ప్రవేశ ద్వారం) దగ్గర జరిగేది. పారిపోయి వచ్చినవాడు అక్కడ నిలబడి పెద్దలకు జరిగింది చెప్పాలి. వాళ్లు లోపలికి తీసుకుని ఉండడానికి చోటు ఇస్తారు. తర్వాత సమాజం విచారిస్తుంది: చేతిలో ఏముంది, పొంచి ఉన్నాడా, ముందునుంచి పగ ఉందా? హత్య అని తేలితే ఆశ్రయం ఉండదు, ప్రతిహత్య చేసేవాడికి అప్పగిస్తారు. ఒక్క సాక్షి మాట మీద మాత్రం ఎవరినీ చంపకూడదు.

మూడోది డబ్బు. క్రీ.పూ. 18వ శతాబ్దపు బాబిలోను రాజు హమ్మురాబి శాసనంలో, గొడవలో తగిలిన దెబ్బకి మనిషి చనిపోతే, కావాలని కొట్టలేదని కొట్టినవాడు ప్రమాణం చేసి వెండి చెల్లిస్తే చాలు. చనిపోయినవాడు పై తరగతివాడైతే అర మినా (మినా అంటే అప్పటి తూకం కొలత), అంతకంటే కింది తరగతివాడైతే మినాలో మూడో వంతు. ఇల్లూ భూమీ విడిచి పారిపోనక్కర్లేదు, నిజమే. కానీ పేదవాడి ప్రాణం చవకైపోయింది. అది నేను ఒప్పుకోలేను.

అందుకే నా ఓటు ఆశ్రయపురానికే. అయితే ఒక ఇబ్బంది ఉంది. నిర్దోషి అని తేలినా అతను ప్రధానయాజకుడు చనిపోయేవరకు ఆ ఊళ్లోనే ఉండాలి. పొలిమేర దాటితే బంధువు చంపినా తప్పు లేదు. యాజకుడు ముసలివాడైతే కొన్ని నెలలు, యువకుడైతే సగం జీవితం. ఒకే పొరపాటుకి ఇంత తేడా ఏమిటని నాకు బాధేస్తుంది. ఆ రోజుల్లోనూ ఇది మనసుల్ని తొలిచినట్టుంది. యూదుల పాత ధర్మ నియమాల సంకలనం మిష్నాలో ఒక మాట ఉంది: తమ కొడుకుల చావు కోసం ప్రార్థించకుండా ఉండాలని ప్రధానయాజకుల తల్లులు ఆశ్రయపురాల్లో ఉన్నవాళ్లకి తిండీ బట్టలూ ఇచ్చేవారట.

ఆ గడువును కొనుక్కోవడానికి మాత్రం వీల్లేదు. యాజకుడు చనిపోకముందే ఇంటికి వెళ్లనివ్వడానికి విమోచన ధనం తీసుకోవద్దని సంఖ్యాకాండము 35వ అధ్యాయం గట్టిగా చెప్పింది. గొర్రెల మందలున్నవాడూ, అరువు గొడ్డలితో అడవికి వెళ్లినవాడూ ఒకే రోజు ఇంటిదారి పడతారు.