పాత ఇటుకలు ట్రాలీ లెక్కన కొంటున్నారా? నల్లగొండ వాళ్లు జర జాగ్రత్త

కూల్చిన ఇళ్ల ఇటుకలు చవగ్గా ఇస్తామని మన దగ్గర ట్రాక్టర్లతో తిరిగేవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల దగ్గర కొనేముందు, అందులోనూ తోటలో మట్టి ఆపే గోడ కోసమైతే, ఇది చదవండి. మాది కాపురాల గుట్ట వైపు. పెరడు వాలుగా ఉండటంతో గట్టి వాన పడితే మట్టంతా కిందింటి వాళ్ల గేటు ముందు తేలుతుంది, అందుకని పాత ఇటుకతో మూడడుగుల రిటైనింగ్ వాల్ లేపుదామనుకున్నాం.

అమ్మేవాడు ముందు చూపించిన ఇటుకలకు వంక పెట్టడానికి లేదు. సరుకు మాత్రం పొద్దుగూకినాక పంపాడు. డ్రైవర్ ట్రాలీ ఎత్తి వాకిట్లో కుమ్మరించి, మిగతా డబ్బు చేతిలో పడగానే వెళ్లిపోయాడు. తెల్లారి చూస్తే సగానికి సగం ముక్కలు, సరిగా కాలని పాలిపోయిన ఇటుకలు, సిమెంటు పెళ్లలు, పైగా పగిలిన సిమెంటు రేకులు! పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. అలాంటివి కనిపిస్తే పగలగొట్టొద్దు, మొక్కల గుంతల్లో అసలే పూడ్చొద్దు.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే "ముప్పై ఏండ్లు నిలబడ్డ ఇటుక అన్నా, నీ తోట గోడకు ఏమైతది?" అన్నాడు. వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ ఆ ఇటుక ఇన్నేళ్లూ ప్లాస్టరింగ్ లోపల, స్లాబు నీడన పొడిగా ఉంది. మట్టి ఆపే గోడకు వెనక ఎప్పుడూ తడే, దానికి తోడు తడిసిన మట్టి బరువు. కాలని ఇటుక నీళ్లు పీల్చి, ఉప్పు తేలి, పొరలు పొరలుగా రాలిపోతుంది. వెనక కంకర పోసి, నీళ్లు పోవడానికి పైపు ముక్కలు పెట్టినా చెడ్డ ఇటుక మంచిదైపోదు కదా.

ఇంకో సంగతి, ఏ ఇంటి ఇటుకో కూడా అడగండి. సున్నంతో కట్టిన పాత ఇళ్లవైతే రెండు దెబ్బలకు సున్నం ఊడొస్తుంది. సిమెంటుతో కట్టినవైతే సిమెంటు కంటే ముందు ఇటుకే పగులుతుంది, శుభ్రం చేసే కూలీ కలుపుకుంటే కొత్త ఇటుకే నయం (మా మేస్త్రీ ఇది చెప్పి ఒక నవ్వు నవ్వాడు, మంట పుట్టింది).

శాంపిల్ మీరే ట్రాలీ మధ్యలోంచి తీయండి. రెండు ఇటుకలు కొట్టి చూస్తే ఖంగుమనాలి, గోటితో గీస్తే గీత పడకూడదు. అనుమానముంటే ఒకటి తూకం వేసి 24 గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూయండి, మూడు కిలోల ఇటుక 600 గ్రాములకు మించి నీళ్లు తాగిందంటే వద్దు. బేరం ట్రాలీకి కాదు, పనికొచ్చే ఇటుకలు వెయ్యింటికి ఇంత అని మాట్లాడండి. బండి పగలే రావాలని ముందే చెప్పండి, కుమ్మరించనివ్వకుండా చేత్తో దింపించండి. ఒప్పుకోకపోతే బండిని గేటు బయటి నుంచే తిప్పి పంపండి, ఒకసారి వాకిట్లో పడ్డాక ఆ కుప్ప ఎత్తించే ఖర్చు కూడా మన నెత్తినే పడుతుంది.