గుడిస కొండకు థార్: ముందు టైర్లు, తర్వాతే లిఫ్టు

రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్లు, అంతా తారు రోడ్డే. మారేడుమిల్లి నుంచి పుల్లంగి మీదుగా గుడిసకు ఇంకో 40 కిలోమీటర్ల వరకు ఉంటుంది. ఇంత దూరంలో బండికి అసలు పరీక్ష పెట్టేది చివరి ఎక్కుడు ఒక్కటే. ఎర్రమట్టి, పైకి తేలిన రాళ్లు, వాననీళ్లు కోసేసిన గాడులు. బండి మీద ఎక్కడ డబ్బు పెట్టాలో తేల్చేది ఆ చివరి ముక్కే. బండి ఎత్తు పెంచే మూడు అంగుళాల లిఫ్టు, పైకప్పు నిండా లైట్లు ఈ దారిలో దండగ.

2020 తర్వాత వచ్చిన మహీంద్రా థార్ 4x4 (నాలుగు చక్రాలూ లాగే రకం) కంపెనీ నుంచి వచ్చినట్టే ఈ కొండ ఎక్కగలదు. 226 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్సు, వేగం తగ్గించి బలం పెంచే లో రేంజి గేర్లు, ఉన్న బండ్లలో వెనక లాకింగ్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారితే రెండిటినీ కలిపి తిప్పేది) ఇందుకు చాలు. తక్కువయ్యేది టైరు. 18 అంగుళాల రిమ్ము మీది 255/65 టైరుకు పక్క గోడ ఎత్తు 166 మి.మీ. 16 అంగుళాల రిమ్ముకు దిగి 245/75 ఆల్ టెరెయిన్ (తారుకూ మట్టికీ పనికొచ్చే టైరు) వేస్తే అది 184 మి.మీ. అవుతుంది. రిమ్ముకూ రాయికీ మధ్య ఆ 18 మి.మీ. రబ్బరు ఎంత పని చేస్తుందో గాలి తగ్గించి ఎక్కినప్పుడు తెలుస్తుంది. ఇది థార్ చిన్న వేరియంటులో కంపెనీయే ఇచ్చిన సైజు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నమైన మార్పులను ఒప్పుకోదు కాబట్టి, ఇన్సూరెన్సు మాట వచ్చినా ఇదే క్షేమం.

కొనేటప్పుడు నాలుగు కాదు, ఐదు కొనాలి. స్టెప్నీ పాత సైజులో ఉండిపోతే, పంక్చరైన రోజు ఒక చక్రం పెద్దది, ఒకటి చిన్నది అవుతుంది. ఆ తేడాతో 4x4 వేస్తే భారమంతా గేర్ల మీద పడుతుంది. బురద కోసమే చేసిన పూర్తి మడ్ టెరెయిన్ టైరు మాత్రం ఈ యాత్రకు వద్దు. తొంభై శాతం ప్రయాణం తారు మీదే. తడి ఘాట్ మలుపుల్లో బ్రేకు కొడితే దాని పట్టు తక్కువ.

టైరు తర్వాత గాలి. తారు మీద డోరు దగ్గరి స్టిక్కరు చెప్పినంత. పుల్లంగి దాటి మట్టి దారి మొదలవగానే ఆగి 22 పీఎస్‌ఐకి దించాలి, బురదగా ఉంటే 18కి. 15 కంటే కిందికి పోతే మలుపు తిప్పినప్పుడు టైరు అంచు రిమ్ము నుంచి ఊడొచ్చు. దింపిన గాలితో గంటకు 30 కిలోమీటర్లు దాటొద్దు. తిరిగి తారు ఎక్కేముందు తప్పకుండా నింపాలి, లేకపోతే పక్క గోడ వేడెక్కి పొరలు విడిపోతాయి. గాలి నింపే కంప్రెసరు పిన్ను సిగరెట్ లైటరు సాకెట్‌లో పెడితే ఫ్యూజు పోవచ్చు. నేరుగా బ్యాటరీకి క్లిప్పులు తగిలించే రకం కొనాలి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి నింపాలి.

ఎక్కుడులో 4L (లో రేంజి), రెండో గేరు, క్లచ్ మీద కాలు వద్దు. వెనక చక్రం ఒకటి గాల్లో తిరిగిపోతుంటే చాలామంది భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తారు. అదే తప్పు. అదే తీరున సన్నగా నొక్కి ఉంచితే, లాకింగ్ డిఫరెన్షియల్ ఉన్న బండిలో లోపల 'టక్'మని లాక్ పడి బండి ముందుకు కదులుతుంది. దిగేటప్పుడు మొదటి గేరు, బ్రేకు తక్కువ. పొడి తారు మలుపుల్లో 4H (హై రేంజి 4x4) వేసుకుని తిరగొద్దు. ముందు, వెనక చక్రాల వేగాల తేడాను సర్దే మధ్య డిఫరెన్షియల్ ఈ బండికి లేదు, స్టీరింగ్ బిగుసుకుంటుంది.

లిఫ్టు చేయించే తీరాలంటే 40 మి.మీ. దగ్గర ఆపండి. ముందు చక్రాలు విడివిడిగా ఊగే ఇండిపెండెంట్ సస్పెన్షన్ కాబట్టి స్ప్రింగు పైన 20 మి.మీ. స్పేసరు పెడితే చక్రం దగ్గర దాదాపు రెట్టింపు లేస్తుంది. ఇది తెలియని మెకానిక్ 40 మి.మీ. స్పేసరే పెట్టేస్తాడు. అప్పుడు యాక్సిల్ జాయింట్లు వంకరగా తిరిగి రబ్బరు బూటు చిరుగుతుంది. రిమ్ము లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉన్నా, పూర్తి తిప్పుడులో టకటకమన్నా అదే సంగతి. లిఫ్టు తర్వాత అలైన్‌మెంట్, హెడ్‌లైట్ కోణం సరిచేయించడం తప్పనిసరి.

ఈ దారుల్లో స్నార్కెల్ (ఇంజిన్‌కు పైనుంచి గాలి అందించే గొట్టం) అక్కర్లేదు. 650 మి.మీ. లోతు నీళ్లలో దిగొచ్చని కంపెనీయే చెబుతుంది. అసలు ముప్పు యాక్సిల్ హౌసింగ్ మీది బ్రీదరు, అంటే గాలి ఆడే చిన్న రంధ్రం. ఘాట్ ఎక్కి కాలిపోతున్న హౌసింగ్ వాగు నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని బ్రీదరు గుండా నీళ్లు లాగుతుంది. నూనె పాలు కలిపిన టీ రంగుకు మారిందంటే లోపల నీళ్లు చేరాయన్నమాట, వెంటనే మార్చాలి. బ్రీదరుకు ఒక పైపు తగిలించి బొనెట్ లోపల ఎత్తుగా కట్టేస్తే సరిపోతుంది. థార్ మీద జరిగే మార్పులన్నిటిలో అతి చవకైనదీ, ఎవరూ చేయించనిదీ ఇదే.

గుడిస పైన ఉన్నది గడ్డి మైదానం. దయచేసి దాని మీద బండి ఎక్కించకండి. ఒక్కసారి పడిన చక్రాల గాడి మరుసటి వానకు కాలువవుతుంది, గడ్డి మళ్లీ పట్టదు. జనవరి తర్వాత ఎండిన గడ్డి మరో ప్రమాదం. బీఎస్6 డీజిల్ బండి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) శుభ్రం చేసుకునేటప్పుడు సైలెన్సర్ విపరీతంగా కాలుతుంది, కింద గడ్డి ఇరుక్కుంటే అంటుకుంటుంది. గట్టి నేల చూసి ఆపాలి. ఆయిల్ చాంబర్ కింద రాళ్లు తగలకుండా స్కిడ్ ప్లేటు వేయించినవాళ్లు దాని పైన చిక్కుకున్న గడ్డిని చేత్తో లాగేయాలి.

ఇరుక్కున్న బండిని లాగడానికి 9 మీటర్ల కైనెటిక్ (సాగే) తాడు, దాన్ని కొక్కేనికి తగిలించే రెండు సాఫ్ట్ షాకిళ్లు, ఛాసిస్‌కు బోల్టు పడిన కొక్కేలు కావాలి. టో బాల్‌కు ఎప్పుడూ తగిలించొద్దు, తెగితే తూటాలా వస్తుంది. ఒంటి బండితో వెళ్లకపోవడం వించి (బండిని లాగే మోటారు చక్రం) కంటే మేలు. బండి ముందు బిగించే ఇనుప బుల్ బార్ వద్దు, కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే నిషేధించమంది.

బసకు మారేడుమిల్లిలో అటవీ శాఖ వారి వనవిహారి కుటుంబాలకు నప్పుతుంది. ఊళ్లోనే ఉంది, తిండికి ఇబ్బంది లేదు. తెల్లవారుజామున నాలుగింటికి గుడిసకు బయల్దేరేవారికి ఇదే మేలు. వాలమూరు దగ్గరి జంగిల్ స్టార్ క్యాంపు వాగు ఒడ్డున ఉంటుంది. వాతావరణంలో దానికి సాటి లేదు, సౌకర్యాలు మాత్రం సాదా. రెండూ ముందే బుక్ చేసుకోవాలి. గుడిస ప్రవేశం, వేళలు, పైన రాత్రి బస గురించి మారేడుమిల్లి చెక్‌పోస్టులో అడిగాకే ప్లాను వేసుకోండి. సాయంత్రం బొంగులో చికెన్ చెప్పేస్తే కాలడానికి సమయం పడుతుంది, ఆ వేళలో టైర్లు, నట్లు చూసుకోవచ్చు.

డీజిల్ రంపచోడవరంలోపే నింపుకోవాలి. మారేడుమిల్లిలో పంక్చర్ వేస్తారు గానీ, పక్క గోడ కోసుకుపోతే ఆ సైజు కొత్త టైరు రాజమండ్రిలోనే. టైర్లు అరిగినవాళ్లు, రెండు చక్రాల డ్రైవ్ వాళ్లు మారేడుమిల్లి జీపు మాట్లాడుకోవడం ఉత్తమం. రోజూ ఎక్కి దిగే ఆ డ్రైవర్లకు ప్రతి గాడీ తెలుసు.

తిరిగొచ్చాక కడిగించేటప్పుడు కింది వైపు నుంచి మొదలుపెట్టమనండి. రిమ్ము లోపలి వైపు ఎర్రమట్టి గట్టిపడితే స్టీరింగ్ వణుకుతుంది. చాలామంది దాన్ని బ్యాలెన్సింగ్ తప్పు అనుకుని అనవసరంగా డబ్బు పోస్తారు.