స్టాట్యూ ఆఫ్ లిబర్టీకి పిల్లలతో వెళ్తున్నారా? బ్యాటరీ పార్క్ బయట టికెట్లు అమ్మేవాళ్లతో జాగ్రత్త

న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఉండే మనవాళ్ల కోసం రాస్తున్నాను. ముఖ్యంగా చంటిపిల్లలున్నవాళ్లు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నవాళ్లు తప్పక చదవండి. మాన్‌హట్టన్ దక్షిణం కొసన, బ్యాటరీ పార్క్ దగ్గర సబ్‌వే మెట్లెక్కి బయటికి రాగానే నీలం జాకెట్లు వేసుకుని, మెడలో ఐడీ కార్డులు తగిలించుకున్న మనుషులు "స్టాట్యూ టికెట్స్?" అంటూ ఎదురొస్తారు. వాళ్ల దగ్గర కొనకండి. ఆ టికెట్‌తో లిబర్టీ దీవి మీద కాలు పెట్టలేరు. మాకు అదే జరిగింది.

మేం మొత్తం ఆరుగురం. నేను, మా ఆవిడ, ఐదేళ్ల బాబు, స్ట్రోలర్లో పాప, మా అత్తయ్యగారు, మామయ్యగారు. వారమంతా ఆఫీసు, డేకేర్ పరుగులతోనే సరిపోతుంది కాబట్టి పెద్దవాళ్లకి ఏదైనా చూపించాలంటే శనివారమే దిక్కు. ఆ రోజు మాన్‌హట్టన్ కూడా చూపించినట్టుంటుందని రైల్లో వెళ్లాం. ఎదురొచ్చినతను ముందు నాతో మాట్లాడలేదు. మామయ్యగారికి నమస్తే పెట్టాడు. స్ట్రోలర్‌ని చూశాడు, అత్తయ్యగారు మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడటం చూశాడు. "ఈరోజు లైను మూడు గంటలు. పెద్దవాళ్లు, పిల్లలు నిలబడలేరు. మా బోటుకి లైను లేదు, సెక్యూరిటీ చెకింగ్ లేదు" అన్నాడు. స్టాట్యూకే వెళ్తుందా అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. "ఎస్ మేడమ్, స్టాట్యూ" అన్నాడు. కాళ్ల నొప్పులున్న మనిషినీ, స్ట్రోలర్‌నీ చూసి ఆ మాట ఎన్నుకున్నాడు. నాకు అన్నిటికంటే బాధనిపించేది అదే.

అక్కణ్నుంచి బస్సెక్కించి ఇంకో రేవుకి తీసుకెళ్లారు. స్ట్రోలర్ మడిచి, పాపని ఎత్తుకుని, ఎండలో బోటు కోసం నిలబడటం మామూలే అయింది. తప్పుతుందన్న లైను ఎక్కడికీ పోలేదు. చివరికి బోటు కదిలింది. విగ్రహం దగ్గరవుతున్నకొద్దీ బాబు తన చిన్న బ్యాగు భుజానికి తగిలించుకుని, బూట్ల పట్టీలు బిగించుకుని, రెయిలింగ్ పక్కన సిద్ధంగా నిలబడ్డాడు. "నాన్నా, ఎప్పుడు దిగుతాం?" అని అడుగుతూనే ఉన్నాడు. బోటు నెమ్మదించింది, అందరూ ఫొటోలు తీసుకున్నారు. అంతలోనే ముందున్న విగ్రహం మెల్లగా పక్కకి, పక్కనుంచి వెనక్కి జరిగిపోయింది. బోటు తిరుగుముఖం పట్టిందని అప్పుడు తెలిసింది. దీవి రేవులో అసలు ఫెర్రీ ఆగి ఉంది, అందులోంచి పిల్లలు దిగుతున్నారు. బాబు అది చూసి ఏడుపందుకున్నాడు. బోటు సిబ్బందిని అడిగితే "ఇది సైట్‌సీయింగ్ క్రూజ్, ఎక్కడా ఆగదు" అన్నారు. టికెట్ తీసి చూస్తే అడుగున చీమంత అక్షరాల్లో అదే మాట ఉంది.

అసలు పద్ధతి ఏమిటో రాస్తాను, ఇది తెలిస్తే ఎవరూ మిమ్మల్ని ఆపలేరు. లిబర్టీ దీవి అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంది. అక్కడ జనాన్ని దింపడానికి వాళ్లు అనుమతి ఇచ్చిన ఫెర్రీ సంస్థ ఒక్కటే, దాని పేరు స్టాట్యూ సిటీ క్రూజెస్. ఇంకే టూరిస్టు బోటూ అక్కడ ఆగదు. దీవికి ప్రవేశ రుసుమంటూ లేదు, మనం కట్టేది ఫెర్రీ ఛార్జీ. మేం చూసినప్పుడు పెద్దవాళ్లకి పాతిక డాలర్ల చుట్టుపక్కల ఉంది, నాలుగేళ్ల లోపు పిల్లలకి ఉచితం. ఆ జాకెట్ మనిషి మా దగ్గర తలకి అంతకు రెట్టింపు పైనే తీసుకున్నాడు, ఒళ్లో కూర్చునే పాపకి కూడా టికెట్ కొట్టాడు. అసలు టికెట్ మీద ఎల్లిస్ దీవి కూడా చూడొచ్చు. 1892 నుంచి 1954 దాకా ఈ దేశానికి వలస వచ్చినవాళ్లలో కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఆ దీవి మీదుగానే లోపలికి వచ్చారు. మామయ్యగారు విగ్రహం కంటే దాన్నే చూడాలని ముచ్చటపడి వచ్చారు.

ముందుగా ఆన్‌లైన్లో కొనుక్కోకపోతే కౌంటర్ బ్యాటరీ పార్క్ లోపల, క్యాజిల్ క్లింటన్ అనే గుండ్రటి రాతికోటలో ఉంటుంది. రోడ్డు మీద, సబ్‌వే మెట్ల దగ్గర, పార్కు గేటు దగ్గర అమ్మేది ఏదీ అసలు టికెట్ కాదు. ఎంత చక్కటి జాకెట్ వేసుకున్నా, మెడలో ఏ కార్డు ఉన్నా సరే.

"సెక్యూరిటీ లేదు" అనే మాట వినగానే అక్కణ్నుంచి కదిలిపోండి. దీవికి వెళ్లే ప్రతి మనిషినీ ఫెర్రీ ఎక్కకముందే ఎయిర్‌పోర్టులోలాగా తనిఖీ చేస్తారు, బ్యాగులు స్కాన్ చేస్తారు. నెలల పిల్ల ఉన్నా, చేతికర్ర పట్టుకున్న పెద్దాయన ఉన్నా అందులోంచి వెళ్లాల్సిందే. అది లేదంటే ఆ బోటు దీవి దగ్గర ఆగదని అర్థం. ఇంకా అనుమానం ఉంటే "దీవి మీద దింపుతారా, మళ్లీ ఎక్కించుకుంటారా" అని అడగండి. సూటిగా జవాబు రాదు.

ఇంకో ఘోరం. పక్కనే వైట్‌హాల్ టెర్మినల్ నుంచి నడిచే స్టాటెన్ ఐలండ్ ఫెర్రీకి కూడా టికెట్లు అమ్మేవాళ్లున్నారు. ఆ నారింజ రంగు ఫెర్రీ అందరికీ ఉచితం, రాత్రీ పగలూ నడుస్తుంది, ఒకవైపు 25 నిమిషాల ప్రయాణం. విగ్రహం చక్కగా కనిపిస్తుంది. నిజానికి పిల్లలు మరీ చిన్నవాళ్లయితే, దూరం నుంచి చూస్తే చాలనుకుంటే, నా సలహా ఇదే. అవతల ఒడ్డున అందరూ దిగి మళ్లీ ఎక్కాలి, అంతే.

ఆన్‌లైన్లో కూడా ఇదే తంతు. సెర్చ్‌లో పైన "స్పాన్సర్డ్" అని వచ్చే సైట్లు విగ్రహం ఫొటో పెద్దగా పెట్టి ఇలాంటి క్రూజ్‌లే అమ్ముతాయి. నేషనల్ పార్క్ సర్వీస్ సొంత సైటు (ఎన్‌పీఎస్ డాట్ గవ్) తెరిచి, అందులోని లింకు పట్టుకుని వెళ్లి కొనండి. వేసవి శనాదివారాల్లో ముందే కొనుక్కుని పొద్దున్నే మొదటి ఫెర్రీలకి వెళ్లడం మేలు. పీఠం లోపలికి స్ట్రోలర్ రానివ్వరు. కిరీటం దాకా ఎక్కాలంటే వేరే రిజర్వేషన్ కావాలి, పైన 162 ఇరుకు మెట్లున్నాయి, అక్కడ లిఫ్ట్ లేదు. చంటిపిల్లలతో ఆ ఆలోచన పెట్టుకోవద్దు.

న్యూజెర్సీలో ఉంటే అసలు మాన్‌హట్టన్ వెళ్లనక్కర్లేదు. జెర్సీ సిటీలోని లిబర్టీ స్టేట్ పార్క్ నుంచి కూడా ఇదే ఫెర్రీ ఉంది, కారు పార్క్ చేసుకుని ఎక్కొచ్చు. ముందు ఎల్లిస్ దీవి, తర్వాత లిబర్టీ. తర్వాత మేం వెళ్లింది అక్కణ్నుంచే. మామయ్యగారికి ఎల్లిస్‌లో తీరిగ్గా చూసుకునే వీలు దొరికింది.

ఇక డబ్బు సంగతి. క్యాష్ ఇస్తే తగ్గిస్తానన్నాడని పెద్దవాళ్లిద్దరి టికెట్లకీ క్యాష్ ఇచ్చాం, మిగతావి క్రెడిట్ కార్డు మీద తీసుకున్నాం. కార్డు మీద కట్టింది వెనక్కి వచ్చింది. క్యాష్ పోయినట్టే. ఒప్పుకున్న సేవ అందకపోతే క్రెడిట్ కార్డు బిల్లు మీద అభ్యంతరం చెప్పే హక్కు 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ యాక్ట్ ఇచ్చింది. ఆ ఛార్జ్ ఉన్న మొదటి స్టేట్‌మెంట్ పంపినప్పటి నుంచి 60 రోజుల్లోపు బ్యాంకుకి రాతపూర్వకంగా తెలియజేయాలి, కాబట్టి చూద్దాంలే అని పక్కన పెట్టకండి. మేం టికెట్‌కి రెండువైపులా తీసిన ఫొటో, రసీదు, అతను ఏం చెప్పి అమ్మాడో నాలుగు వాక్యాలు జతచేసి పంపాం. జెల్ (Zelle) లాంటి, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే యాప్‌లతో కడితే ఈ రక్షణ ఉండదు, అది క్యాష్ ఇచ్చినట్టే లెక్క.

ఇప్పటికే ఇలా మోసపోయినవాళ్లు న్యూయార్క్ నగరపాలక సంస్థ ఫిర్యాదుల నంబరు 311కి కూడా ఫిర్యాదు చేయండి. ఏ కూడలిలో, ఎన్ని గంటలకి, ఏ రంగు జాకెట్, టికెట్ మీద ఏ పేరు ఉంది అన్నవి రాయండి. మేం చేశాం. ఈ శనివారం ఎవరైనా వెళ్తుంటే, ఆ టికెట్లు అమ్మేవాళ్లు ఇప్పుడు ఎక్కడ నిలబడుతున్నారో చూసి కింద రాయండి, తర్వాత వెళ్లేవాళ్లకి పనికొస్తుంది.